ఇల్లు కురుస్తోందా? డబ్బా కొనే ముందు నీళ్ల దారి పట్టుకోండి

వానలు మొదలైన వారంలో ఏ హార్డ్‌వేర్ షాపులో నిలబడినా వినిపించే మాట ఒకటే: "స్లాబు కురుస్తోందండీ, ఏదన్నా మంచి డబ్బా ఉంటే ఇవ్వండి." షాపతను తన దగ్గరున్నది ఇస్తాడు. పెయింటరు వచ్చి లోపల సీలింగుకు లప్పం పెట్టి, రంగు కొట్టి, డబ్బులు తీసుకుని వెళ్తాడు. మరుసటి వానాకాలం అదే మూలలో, ఇంకాస్త పెద్దదిగా, మళ్లీ పసుపు మరక. ఇలా ఏటా డబ్బు పోసే ఇళ్లను చూస్తుంటే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఈ పనిలో అసలు కష్టమైన భాగం డబ్బుతో కొనుక్కునేది కాదు. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో ఓపిగ్గా కనుక్కోవడం, పైన డాబాను శుభ్రంగా గీకి సిద్ధం చేయడం, ఈ రెండూ ఇంట్లోవాళ్లు చేసుకోగలిగినవే. కూలి ఇచ్చి చేయించినప్పుడు హడావిడిగా తేలిపోయేవి కూడా సరిగ్గా ఈ రెండే.

ఇది సొంత ఇల్లు, ఆర్‌సీసీ స్లాబు, పైన తిరగడానికి డాబా ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. అపార్టుమెంటులో పై అంతస్తువాళ్లకూ పనికొస్తుంది గానీ, అక్కడ డాబా అందరి ఉమ్మడి సొత్తు కాబట్టి ముందు అసోసియేషన్‌తో మాట్లాడి, కాగితం మీద రాయించుకుని, ఖర్చు అందరి మీదా వేయించండి. మీ ఇంట్లో కురుస్తోంది కదా అని మీ ఒక్కరి జేబులోంచి పెట్టుకోవాల్సిన పని లేదు.

ముందు మరకను చదవండి

పెన్సిలుతో మరక చుట్టూ గీత గీసి, పక్కన తేదీ వేయండి. ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. వాన పడ్డాక మరక గీత దాటిందా, ఎంతసేపటికి దాటింది, వాన ఆగాక ఎన్నాళ్లకు ఆరింది, ఇవి గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. వాన పడినప్పుడే వచ్చే తడి పైనుంచి వస్తోంది. ఎండాకాలంలో కూడా ఆరని తడి అయితే అది ట్యాంకో, పైపో, పై అంతస్తు బాత్రూమో. గోడా స్లాబూ కలిసే మూల వెంబడి పొడుగ్గా వస్తే పైన పిట్టగోడ అడుగున సందు ఉందని అనుమానించాలి. గోడకు కింద నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకూ రంగు పొట్లు లేచి, తెల్లగా ఉప్పు పూస్తుంటే దానికీ డాబాకూ సంబంధమే లేదు, అది నేల నుంచి పైకి ఎక్కే చెమ్మ.

ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి. కింద చుక్క పడే చోటుకు నేరుగా పైనే రంధ్రం ఉండాలని లేదు. స్లాబు లోపల కరెంటు వైర్ల కోసం వేసిన పైపులు ఉంటాయి, నీళ్లు ఎక్కడో దూరంగా దిగి ఆ పైపులోంచి నడుచుకుంటూ వచ్చి ఫ్యాను పెట్టె దగ్గర కారతాయి. అలా ఫ్యాను దగ్గరో, లైటు పాయింటు దగ్గరో చుక్కలు పడుతుంటే ఇంకేం ఆలోచించకుండా ఆ సర్క్యూట్ ఎమ్‌సీబీ (మెయిన్ బోర్డులో ఆ లైను స్విచ్చు) కట్టేయండి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయొద్దు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైన వెంటనే సరఫరా తెంచేసే స్విచ్చు) లేకపోతే, ఈ మరమ్మతుల ఖర్చులో మొదటి ఖర్చు దానికే పెట్టండి. తడి గోడ మీద చెయ్యి వేసిన మనిషిని కాపాడేది అదే.

ట్యాంకును పరీక్షించడం చాలా తేలిక. రాత్రి ట్యాంకు నింపి, బయటికి వెళ్లే గేట్ వాల్వులన్నీ కట్టేసి, లోపల నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. పొద్దున్నకు మట్టం దిగితే ట్యాంకే కారుతోంది. దిగకపోతే మరుసటి రాత్రి వాల్వులు తెరిచి ఉంచి, ఇంట్లో కుళాయిలన్నీ బిగించేసి మళ్లీ చూడండి, ఈసారి దిగితే గోడలో పైపో, ఫ్లష్ ట్యాంకో. ట్యాంకు పొంగిన నీళ్లు రోజూ ఒకే చోట పడుతుంటే అక్కడ స్లాబు ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. చాలా ఇళ్లలో వానకు కురుస్తోందనుకున్నది నిజానికి ఈ పొంగు నీళ్లే. బాల్ వాల్వు మారిస్తే వందల్లో అయిపోయే పనికి వేలల్లో వాటర్ ప్రూఫింగ్ పూత వేయిస్తారు.

బాత్రూముకైతే నహానీ ట్రాప్‌ను (నేల మీద నీళ్లు బయటికి పోయే జాలీ రంధ్రాన్ని) పాలిథిన్ సంచిలో చుట్టిన గుడ్డతో బిగించి, రెండు అంగుళాల నీళ్లు నింపి ఒక రోజు వదిలేయండి. కింద గదిలో తడి వస్తే టైల్స్ మధ్య సందులైనా, ట్రాప్ చుట్టూ ఉన్న మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) అయినా పాడైనట్టే. రాకుండా, స్నానం చేసినప్పుడు మాత్రమే వస్తుంటే గోడ టైల్స్ సందుల వైపు చూడాలి.

డాబా మీద నీళ్లు కట్టి చూడడం

ఇది అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష, ఎండాకాలంలోనే చేసుకోవచ్చు. డాబా మొత్తం ఒకేసారి కాకుండా, ఒక గది పైభాగం వరకు మట్టితోనో పలచటి మాలుతోనో చిన్న గట్టు కట్టి, తూము మూసి, రెండు అంగుళాలకు మించకుండా నీళ్లు నింపి 24 నుంచి 48 గంటలు వదిలేయాలి. 10 అడుగులకు 10 అడుగుల జాగాలో రెండంగుళాల నీళ్లంటే దాదాపు 470 కిలోల బరువు, ఆరోగ్యంగా ఉన్న స్లాబుకు ఇది లెక్కలోది కాదు. కానీ కింద పెచ్చులు ఊడి ఊచలు కనిపిస్తున్న స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఒక గది అయ్యాక ఇంకో గది. పిట్టగోడ అంచులు తడవకుండా మొదట మధ్యలో కట్టి చూడండి, ఆ తర్వాత పిట్టగోడకు ఆనించి కట్టండి. మధ్యలో కట్టినప్పుడు రాని తడి, గోడకు ఆనించినప్పుడు వస్తే మీ రోగం మూలలోనే ఉంది, డాబా అంతా పూత వేయాల్సిన పని లేదు. ఈ ఒక్క పరీక్షతో మిగిలే డబ్బు, మీరు బేరమాడి ఎప్పటికీ మిగుల్చుకోలేరు.

నీళ్లు కట్టడానికి ముందే తూములు చూడండి. వేపాకులు, పావురాల గూళ్లు, పాత పెయింటు బ్రష్షులు, పిల్లల బంతి, ఏవేవో ఇరుక్కుని ఉంటాయి. నాలుగు బకెట్లు పోసి నీళ్లు ఎటు నడుస్తున్నాయో, చివరికి ఎక్కడ ఆగిపోతున్నాయో చూసి, అంతా ఆరాక కూడా తడిగా మిగిలిన చోటు చుట్టూ సుద్దముక్కతో గీయండి. అక్కడ వాలు లేదు. వాలు అంటే సుమారు 10 అడుగులకు ఒక అంగుళం దిగాలి, మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు దొరికితే ఇద్దరు కలిసి తేలిగ్గా కొలవచ్చు. చిన్న గుంటలైతే మాలుతో నింపుకోవచ్చు. డాబా మొత్తం వాలే తప్పుగా ఉంటే అది మేస్త్రి పని, దాని మీద ఎంత ఖరీదైన పూత వేసినా నిలవ నీళ్లు దాన్ని తినేస్తాయి.

పాత ఇళ్లలో టేకు దూలాల మీద ఇటుక, సున్నం గచ్చుతో వేసిన మిద్దెలు ఇంకా ఉన్నాయి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో సున్నం నూరి వేసిన పైకప్పులవి. వాటి మీద సిమెంటు పూత వేయకండి, సున్నం లోపలి తడిని బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని బిగించేస్తే దూలాలు పుచ్చిపోతాయి. అలాంటి ఇల్లు ఉన్నవాళ్లు సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతుక్కోవాల్సిందే, ఎంత దూరమైనా సరే.

లెక్క ఎలా వేయాలి

డాబా పొడవు వెడల్పులు టేపుతో కొలవండి, ఇంటి ప్లానులో అంకెలు నమ్మొద్దు. ఉదాహరణకు 30 అడుగులకు 40 అడుగుల డాబా అనుకుందాం, 1,200 చదరపు అడుగులు. పూత పిట్టగోడ మీదికి ఒక అడుగు ఎత్తు ఎక్కాలి, చుట్టుకొలత 140 అడుగులు కాబట్టి ఇంకో 140. మొత్తం 1,340. ఇది మరిచిపోయి చాలామంది చివరి రోజు మళ్లీ షాపుకు పరిగెడతారు.

ఇప్పుడు డబ్బా. లీటరు ధర అడక్కండి, చదరపు అడుగు ధర లెక్కేయండి. లెక్క అర్థం కావడానికి ఊరికే కొన్ని అంకెలు వేసుకుందాం. ఒక 20 లీటర్ల బకెట్ 4,000 రూపాయలు, రెండు కోట్లకు లీటరు 25 చదరపు అడుగులు వస్తుందని రాసి ఉంది. అంటే బకెట్‌కు 500 అడుగులు, అడుగుకు 8 రూపాయలు. ఇంకొకటి 3,200కే వస్తోంది, కానీ లీటరుకు 15 అడుగులే. బకెట్‌కు 300 అడుగులు, అడుగుకు పది రూపాయల డెబ్బై పైసల దాకా పడుతుంది. చవక అనుకున్నదే ఖరీదు. డబ్బా మీద రాసిన లెక్క ఒక కోటుకా, రెండు కోట్లకా అన్నది తప్పకుండా చదవండి, అక్కడే బోల్తా పడతారు. గరుకు డాబా ఎక్కువ తాగుతుంది కాబట్టి పది శాతం కలుపుకోండి. మన ఉదాహరణలో 1,340ని 25తో భాగిస్తే దాదాపు 54 లీటర్లు, పది శాతం కలిపితే 59, అంటే మూడు బకెట్లు.

దీనికి పగుళ్లకు పట్టే మసాలా, మూలలకు జాలీ గుడ్డ (పూతలో పరిచే ఫైబర్ వల), సిమెంటు, ఇసుక, బ్రష్షులు, రోలరు, గ్లోవ్స్ కలపండి. డాబా గీకడం, కడగడం మీరే చేసుకుంటే కూలిలో పెద్ద ముక్క మిగులుతుంది. పూత కూడా మీరే వేసుకోగలరు, ఇద్దరుండాలంతే. ఓపిక లేనివాళ్లు గీకడం వరకూ అడ్డా నుంచి రోజుకూలికి ఇద్దరిని పిలుచుకుని, దగ్గరుండి చేయించుకుని, పూత మీరు వేసుకోండి. ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి, బరువైన పని వాళ్లు చేస్తారు, జాగ్రత్త కావాల్సిన పని మన చేతిలో ఉంటుంది.

గుత్తకు ఇచ్చేటట్టయితే కొటేషన్ ఇలా రాయించండి: ఏ కంపెనీది, ఆ కంపెనీలో ఏ రకం, ఎన్ని కోట్లు, పగుళ్లు ఎలా పూడుస్తారు, మూలల్లో జాలీ వేస్తారా, పిట్టగోడ మీదికి ఎంత ఎత్తు, పని అయ్యాక నీళ్లు కట్టి చూపిస్తారా. "వాటర్ ప్రూఫింగ్ మొత్తం ఇంత" అని ఒక్క లైనులో రాసిచ్చిన కాగితానికి విలువ లేదు. గ్యారంటీ కంపెనీ ఇస్తోందా, పనిచేసిన మనిషి ఇస్తున్నాడా అడగండి, రెండూ వేరు. డబ్బులు విడతలుగా ఇవ్వండి, చివరి విడత నీళ్లు కట్టే పరీక్ష అయ్యాకే. మంచి పనివాళ్లు దీనికి అభ్యంతరం చెప్పరు.

సామాను మీరే కొంటే బిల్లు తీసుకోండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతం అయింది, పాత లెక్క చెప్పే షాపులో బిల్లు అడగడం మంచిదే. పూతకు కంపెనీ గ్యారంటీ ఉంటే బిల్లు లేకుండా అది పనిచేయదు.

సిమెంటు, ఇసుక

బస్తా మీద ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో ముద్ర ఉంటుంది. మూడు నెలలు దాటినది వద్దు, నిల్వ ఉన్నకొద్దీ బలం తగ్గిపోతుంది. బస్తా అంచు నొక్కి చూడండి, గడ్డలు తగిలితే తిరిగి ఇచ్చేయండి. మరమ్మతు మాలుకు ఎక్కువ బలమున్న 53 గ్రేడ్ సిమెంటే కావాలని పట్టుబట్టాల్సిన పనిలేదు, పీపీసీ (ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటు) చక్కగా సరిపోతుంది, వేడి తక్కువ పుడుతుంది, పగుళ్లూ తక్కువ.

ఇసుక సంగతి. గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, చిటికెడు ఉప్పు వేసిన నీళ్లు పోసి, బాగా కుదిపి కదలకుండా పెట్టండి. కొన్ని గంటలకు ఇసుక మీద మెత్తటి ఒండ్రు పొర తేలుతుంది. ఆ పొర ఇసుక మందంలో పన్నెండో వంతు కన్నా ఎక్కువుంటే కడిగి వాడండి, లేదా వేరే ఇసుక తెచ్చుకోండి. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఎవరైనా దగ్గర్లోదే కదా అని సముద్రపు ఇసుక తెస్తే అసలు ముట్టుకోకండి, అందులోని ఉప్పు లోపలి ఊచలను తుప్పు పట్టిస్తుంది.

ఇంకొకటి. మాలులో కలిపే వాటర్ ప్రూఫింగ్ లిక్విడ్ వేరు, పైన పూసే పూత వేరు. చాలామంది వాడే కలిపే రకం లిక్విడ్ 50 కిలోల సిమెంటు బస్తాకు 200 మిల్లీలీటర్ల లెక్కన మాలులో కలపాలి. దాన్ని బకెట్ నీళ్లలో పోసి డాబా మీద చల్లేసి ఇక కురవదనుకుంటారు, దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. డబ్బా వెనక రాసింది చదవడానికి ఐదు నిమిషాలు పడుతుంది, చదవండి.

ఎప్పుడు చేయాలి

తెలంగాణలో, కోస్తాలో మృగశిర కార్తె నాటికి పని పూర్తయిపోవాలి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి వాళ్లు ఎండాకాలం తప్పినా సెప్టెంబరులో వానలు లేని రోజులు చూసుకుని చేసుకోవచ్చు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, స్లాబుకూ అదే గతి, పగలు వేడికి సాగి రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది, సన్న పగుళ్లు వచ్చేది అలా సాగడం, ముడుచుకోవడం వల్లే. ఆ ఎండలో మధ్యాహ్నం పూత వేస్తే పట్టుకునేలోపే ఆరిపోయి పొరలుగా లేచిపోతుంది. పొద్దున తొమ్మిదిన్నర లోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత. ఒట్టి కాలు పెట్టలేనంత వేడిగా డాబా ఉంటే ఆరోజుకు బ్రష్షు తీయొద్దు. వేసిన తర్వాత కనీసం ఒక రోజు వాన రాకూడదు.

పని మొదలు

ముందు గీకుడు. వైరు బ్రష్షుతో, పుట్టీ బ్లేడుతో పాచి, పాత పూత, వదులైన సిమెంటు అంతా లేచిపోయేదాకా గీకాలి. కాలితో రుద్దితే పొడి రాకూడదు, అదీ గుర్తు. పాచి మొండిగా ఉంటే బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి పోసి, కాసేపాగి రుద్ది బాగా కడిగేయండి. బాత్రూమ్ కడిగే యాసిడ్ డాబా మీద పోయకండి, అది సిమెంటును తింటుంది, సందుల్లోంచి దిగి ఊచల దాకా వెళ్తుంది. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి కూడా వాడొద్దు.

తర్వాత చెక్కకర్రతో డాబా అంతా తట్టుకుంటూ పోండి. గట్టిగా ఉన్నచోట ఒక శబ్దం, పైపొర లేచినచోట డొల్ల శబ్దం. డొల్లగా ఉన్నది ఉలితో తీసేయాలి. బాగానే ఉంది కదా, ఎందుకు పగలగొట్టాలి అనిపిస్తుంది, కానీ దాని కింద నీళ్లు నిలిచి ఉంటాయి.

పగుళ్లలో రెండు రకాలు. కదలనివి, కదిలేవి. తేడా తెలుసుకోవడానికి పగులుకు అడ్డంగా చిన్న గాజుముక్కను రెండు చివరలా సిమెంటుతో అతికించి కొన్ని వారాలు వదిలేయండి. గాజు పగిలితే ఆ పగులు కదులుతోంది. కదిలేదాన్ని సిమెంటుతో పూడిస్తే మళ్లీ పక్కనే పగులుతుంది, దానికి సాగే గుణమున్న పాలీయురిథేన్ లాంటి సీలెంటు కావాలి. కదలని సన్న పగుళ్లకు షాపులో దొరికే క్రాక్ ఫిల్ పేస్టు చాలు. మూడు మిల్లీమీటర్లు దాటిన వాటిని ఉలితో వీ ఆకారంలో కాస్త తెరిచి, దుమ్ము పూర్తిగా ఊదేసి, తడిపి, ఎస్‌బీఆర్ లేటెక్సు (మాలు గట్టిగా అతుక్కోవడానికి కలిపే పాలలాంటి పాలిమర్ ద్రవం) కలిపిన మాలుతో నొక్కి నింపాలి. పగులు తెరవకుండా పైపైన రాసిన మాలు ఒక్క ఎండాకాలం కూడా నిలవదు.

పిట్టగోడ మూలలో రెండంగుళాలకు రెండంగుళాలు మాలు ఏటవాలుగా కొట్టండి, నీళ్లు ఆగకుండా జారిపోవాలి. తూము నోరు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పైపు ప్లాస్టిక్కు, చుట్టూ సిమెంటు, రెండూ ఎప్పటికీ సరిగ్గా అతుక్కోవు, అందుకే అక్కడ సన్నగా సందు పడుతుంది. పైపు చుట్టూ వేలు పట్టేంత చెక్కి, పాలిమర్ మాలు నింపి, దాని మీద అడుగు వెడల్పు జాలీ గుడ్డ పూతలో ముంచి అతికించండి. ట్యాంకు స్టాండు కాళ్లు, డిష్ యాంటెన్నా బోల్టులు, సోలార్ హీటరు కాళ్లు స్లాబులో దిగిన చోట్లు కూడా ఇలాగే. యాంటెన్నా బిగించడానికి వచ్చినవాళ్లు స్లాబుకు రంధ్రం వేస్తామంటే ఒప్పుకోకండి, పిట్టగోడకు వేయించండి.

మాలుతో చేసిన ప్రతి చోటా తడి గోనెసంచులు కప్పి ఏడు రోజులు, ఎండ ఎక్కువుంటే పది రోజులు తడపాలి. తడపని మాలు ఇసుకలా రాలిపోతుంది. ఈ పది రోజులు ఆగలేకే చాలామంది పని పాడుచేసుకుంటారు.

ఇక పూత. సులువుగా దొరికేవి రెండు రకాలు. పొడి, ద్రవం రెండు భాగాలుగా వచ్చే సిమెంటు పాలిమర్ పూత ఒకటి, దీనికి డాబా ముందుగా తడిపి, నిలవ నీళ్లు లేకుండా చేసి వేయాలి, ప్యాకెట్టు మీద చెప్పిన పాళ్లు దాటకుండా కలపాలి, కలిపింది అరగంటలోపు వాడేయాలి కాబట్టి కొంచెం కొంచెం కలుపుకోండి. రెండోది నేరుగా వాడే తెల్లటి యాక్రిలిక్ పూత. ఇది ఎండను వెనక్కి కొడుతుంది, కింద గది కాస్త చల్లబడుతుంది, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ లాభం కోసమే. అయితే నీళ్లు నిలిచే చోట యాక్రిలిక్ ఎక్కువకాలం ఉండదు. డాబా మీద మిరపకాయలు ఆరబోసి, వడియాలు పెట్టి, పిల్లలు ఆడుకునే ఇల్లయితే సిమెంటు పాలిమర్ పూత వేసి దాని మీద పలచటి మాలు పొరో, టైల్సో వేయించుకోండి. ఉత్త పూత మీద రోజూ తిరిగితే అరిగిపోతుంది.

ముందు ప్రైమరుగా పలచటి పూత, డబ్బా మీద చెప్పినంత నీళ్లు కలిపి. అది ఆరాక మూలల్లో, పగుళ్ల మీద జాలీ గుడ్డ పరిచి పూతతో ముంచేయాలి, ముడత పడకూడదు. తర్వాత ఒక కోటు తూర్పు పడమరలుగా, దాని మీద ఇంకో కోటు ఉత్తర దక్షిణాలుగా. ఇలా అడ్డం నిలువు వేస్తే సూదిమొన రంధ్రాలు మిగలవు. రెండు కోట్ల మధ్య రాత్రంతా వదిలేస్తే నిశ్చింత. మెట్లవైపు నుంచి మొదలుపెట్టి మూలకు చేరి ఇరుక్కోకుండా, దూరపు మూల నుంచి మెట్ల వైపు రండి.

ఏడు రోజుల తర్వాత మళ్లీ నీళ్లు కట్టి చూడండి. మొదట పెన్సిలుతో గీసిన గీతల దగ్గర కొత్త తడి రాకపోతే పని కుదిరినట్టే.

కింద సీలింగు, గోడలు

పైన పని అయ్యాక లోపల రంగు వేయడానికి తొందరపడకండి. స్లాబు తాగిన నీళ్లు ఆరడానికి వారాలు పడుతుంది, తడి మీద లప్పం పెడితే పొట్లు లేస్తుంది. వదులైన పెచ్చులు మాత్రం ముందే రాల్చేయండి, నిద్రపోతున్న మనిషి మీద పడకుండా. హెల్మెట్, కళ్లద్దాలు పెట్టుకుని, మంచం పక్కకు జరిపి చేయండి.

నేల నుంచి ఎక్కే చెమ్మకు డ్యాంప్ ప్రూఫ్ పెయింటు మొదటి మందు కాదు. ముందు గోడ బయట చూడండి. మొక్కల కోసం పోసిన మట్టి బేస్‌మెంటు మట్టం దాటి గోడకు ఆనుతోందా? వాననీళ్లు గోడ పక్కనే నిలుస్తున్నాయా? మట్టి తీసేసి, నీళ్లు అవతలికి పోయేలా గచ్చు చేస్తే, చాలా గోడలు రెండు ఎండాకాలాల్లో వాటంతట అవే ఆరతాయి. ఖర్చు పార పట్టిన కూలి మాత్రమే.

ఇక్కడితో ఆగండి

పెచ్చు ఊడినచోట తుప్పుపట్టిన ఊచలు కనిపిస్తే, దూలంలోనో పిల్లర్‌లోనో పగుళ్లు ఉంటే, స్లాబు మధ్యలో కిందికి వంగినట్టు కనిపిస్తే మీరు చేయాల్సిన పని ఒక్కటే, ఆ గది ఖాళీ చేసి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవడం. ఇనుము తుప్పుపడితే దాని పరిమాణం పెరుగుతుంది, అది లోపలి నుంచి కాంక్రీటును పగలగొట్టి బయటికి తోస్తుంది. పైన మాలు మెత్తితే కనపడకుండా పోతుంది గానీ లోపల తినడం ఆగదు. ఇంజనీరు ఫీజు దండగ అనుకోవద్దు, దయచేసి. సంపులోకి దిగడం కూడా సొంతంగా చేసే పని కాదు, మూసి ఉన్న సంపులో గాలి ఆడక మనుషులు చనిపోతున్నారు, కాపాడబోయి దిగినవాళ్లూ చనిపోతున్నారు. డాబా పక్కన కరెంటు తీగలు దగ్గరగా ఉంటే అల్యూమినియం నిచ్చెన, పొడుగాటి రోలరు కర్ర వాడకండి.

మీరు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, అమ్మానాన్నలు ఊళ్లో పాత ఇంట్లో ఉంటే మీకో మాట. నాన్నను నిచ్చెన ఎక్కించొద్దు. పక్కింటి కుర్రాడిని పట్టుకుని పగటి వెలుతురులో తూములు, మూలలు, ట్యాంకు అడుగు, సీలింగు వీడియో కాల్‌లో నెమ్మదిగా చూపించమనండి, మీరే చూసి, నీళ్లు కట్టే పరీక్ష చేయించి, కొటేషన్ వాట్సాప్‌లో రాతగా తెప్పించుకున్నాకే డబ్బులు పంపండి.

మిగిలిన పూత డబ్బా మూత గట్టిగా బిగించి, మూత మీద కొన్న నెల రాసి, నీడలో పెట్టండి. ఏటా వానలకు ముందు తూములు శుభ్రం చేసేటప్పుడు డాబా అంతా ఒకసారి తిరిగి, ఎక్కడైనా పూత లేచినట్టు కనిపిస్తే అంతవరకే గీకి, ఆ డబ్బాలోంచి రెండు కోట్లు వేయండి. డబ్బాలో పూత గడ్డకట్టినా, కుళ్లిన వాసన వచ్చినా పారేయండి. రెండు భాగాల రకమైతే, విప్పిన పొడి గాలి తగిలి గట్టిపడుతుంది కాబట్టి దాన్ని దాచుకోకుండా అప్పుడే మెట్ల గది కప్పు మీదో, సజ్జల మీదో వేసేయండి, అక్కడి నుంచి కూడా ఎన్నో ఇళ్లు కురుస్తాయి.